వాలు వాకిట్లో కోడలి కారు

మా ఇంటి వాకిలి గచ్చు నేను వేసిందే. పేరుకు మేస్త్రి నా మొగుడు. తట్టలు మోసింది నేను, లెవల్ పైపు రెండో కొస పట్టింది నేను, నున్నగా వచ్చేదాకా తాపీతో రుద్దింది నేను. ఎంత వాన పడ్డా ఆ గచ్చు మీద చుక్క నిలవదు. గడప దగ్గర చెంబెడు నీళ్ళు పోస్తే అటూ ఇటూ చూడకుండా పోయి గేటు పక్క మోరీలో పడతాయి. నారాయణఖేడ్‌లో మా గల్లీ వాళ్ళు ఎవరు గచ్చు వేయించుకున్నా ముందు మా వాకిలి చూసిపోయేవాళ్ళు. ఈ సంగతి మొదట ఎందుకు చెబుతున్నానంటే, ఆ గచ్చే మా కోడలి పని చెడగొట్టబోయింది. తప్పు గచ్చుది కాదు, నాది.

మా కోడలు బడి టీచరు. సిర్గాపూర్ దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊళ్ళో ప్రైమరీ బడి, దానికి ఆమె ఒక్కతే టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. మా కొడుకు బస్సు కండక్టరు. పెళ్ళికి ముందు ఆమె రోజూ ఎక్కే బస్సులో ఇతనికి డ్యూటీ పడింది. మెట్టు ఎత్తుగా ఉంటుంది గదా అని మొదటి రోజు చెయ్యి చాచాడట. ఆమె ఆ చేతికి తన సంచీ తగిలించి, కడ్డీ పట్టుకొని తానే ఎక్కిందట. ఆ సంచీ అందుకున్నవాడు మళ్ళీ దించలేదు.

పెళ్ళి మాట ఎత్తినప్పుడు నేను ఒప్పుకోలేదు. దాచేదేముంది. కాలు సరిగ్గా లేని పిల్ల ఇల్లు ఎట్లా చక్కబెడుతుందని కొడుకు ముఖం మీదే అడిగాను. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. అయినా కోడలుగా వచ్చిన ఏడాదికి నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఆమె బడిలో ఒకటో తరగతి వాచకమే నా వాచకం. అంకెలు మాత్రం అంతకు ముందే వచ్చు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళు మేడలు కట్టే పనికి పోయినదాన్ని, టేపు మీద అంకె చూడరాకుంటే మేస్త్రి పక్కన నిలబడనిస్తారా.

ఆ బడికి పోవడానికి మొదట్లో ఆమె పడ్డ పాట్లు నేను చూశాను. సిర్గాపూర్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో దొరికితే ఆటో, దొరక్కపోతే నడక. ఒక వానాకాలం ఆ దారిలో జారి పడి, మోకాలు చీరుకుపోయి కూడా బడి తెరిచి, సాయంత్రం ఇంటికి వచ్చాక దవాఖానకు పోయింది. మోటార్ సైకిల్ మీద ఎవరి వెనకనో కూర్చొని రోజూ పోవడం ఆమెకు ఇష్టం లేదు. తర్వాత బీదర్‌లో ఒకాయన దగ్గర ఆటోమేటిక్ కారు ఉందని తెలిసి, పాతదే అయినా తెచ్చుకుంది. క్లచ్ ఉండదు గనక ఎడమ కాలుతో పనిలేదు. కుడి కాలు ఒక్కటే బ్రేకు మీదా యాక్సిలేటర్ మీదా ఆడుతుంది. ఆ బండి వచ్చిన రోజు నుంచి ఆమె నడకే మారింది. బండి దిగి నడుస్తున్నప్పుడు కూడా మారింది, అది నేనే చూశాను.

రెండేళ్ళు బాగానే నడిచింది. పోయిన చలికాలం నుంచి బండి మొండికేయడం మొదలుపెట్టింది. గేర్ కడ్డీని ముందుకు పోయే గడిలో వేస్తే, రెండు గుక్కల నీళ్ళు తాగేంతసేపు కదలదు. తర్వాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు దుముకుతుంది. ఒకసారి బోరంచ పోచమ్మ దగ్గరికి పోతూ నేను ఒళ్ళో నీళ్ళ చెంబు పెట్టుకున్నాను. గుడి చేరేసరికి చెంబులో సగమే ఉంది, మిగతా సగం నా చీరలో ఉంది.

సెలవులు ఇచ్చాక హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌కు తీసుకుపోయారు. వాళ్ళు బండి చూసి, గేర్ డబ్బా పోయింది, మొత్తం మార్చాలన్నారు. అయ్యే ఖర్చు వింటే బండినే అక్కడ వదిలేసి రావాలనిపిస్తుంది. లోపలి నూనె మార్చి చూడండని మా కోడలు అడిగితే, ఇది సీల్ డబ్బా, నూనె చూసే పుల్ల కూడా ఉండదు, కంపెనీలో ఒకసారి పోస్తే జీవితాంతం మార్చే పని లేదని చెప్పారట. ఇంటికొచ్చి ఆమె ఆ మాట చెప్పగానే నేను అడిగాను.

"ఎవరి జీవితం అంట? డబ్బాదా, కొన్నోళ్ళదా?"

ఆమె నవ్వలేదు. నవ్వే పరిస్థితి కాదు. జూన్‌లో బడి తెరవాలి. బండి లేకుండా అంత దూరం మళ్ళీ పడుతూ లేస్తూ పోవడం కుదరదని మా కొడుకు గట్టిగా అన్నాడు. అతని భయం అతనిది, తప్పు పట్టను. నారాయణఖేడ్‌లోనే విద్యాశాఖ ఆఫీసులో కుర్చీ పని ఒకటి ఖాళీగా ఉందని, కాలు సంగతి రాసి అర్జీ పెడితే వెంటనే ఇస్తారని కనుక్కొని వచ్చాడు. ఆ అర్జీ బడి తెరిచే ముందే ఇవ్వాలి. ఆమె ఒక్కతే టీచరైన బడి అది. ఆమె కదిలితే ఇంకొకరు వచ్చేదాకా తాళమే. అప్పటిదాకా పిల్లలు వాగు దాటి పక్క ఊరికి పోవాలి. వాగు దాటించి ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు, మేకల వెంట పంపుతారు గానీ.

ఇదంతా తెలిసీ ఆమె అర్జీ రాసింది. తెల్ల కాగితం మీద, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా. రాసి బీరువా మీద పెట్టి, ఎగిరిపోకుండా సుద్దముక్కల డబ్బా బరువు పెట్టింది. కింద సంతకం మాత్రం చెయ్యలేదు. ఇచ్చే రోజు చేస్తానంది.

అంతటితో ఊరుకునే మనిషి అయితే నేను ఇది రాయను. బండితో వచ్చిన పుస్తకం తీసి వారం రోజులు చదివింది. ఫోన్‌లో ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో కార్ల కింద పడుకొని చేసే పనులు చూసింది. బీదర్‌లో గేర్ డబ్బాలు విప్పే ఒక ముసలి మెకానిక్ నంబరు సంపాదించి ఆయనతో కన్నడంలో మాట్లాడింది. ఆమె పుట్టిల్లు సరిహద్దు ఊరే, కన్నడం ఆమెకు పాలతో వచ్చిన భాష. ఆయన లక్షణాలన్నీ విని, డబ్బా చావలేదమ్మా, నూనె చచ్చింది, అన్నాడట. ఏ బోల్టు ముందు విప్పాలో, ఏది తర్వాతో, ఎంత వేడి దగ్గర ఏం చెయ్యాలో వరసగా చెప్పాడు. అన్నీ చెప్పి, చివరికి ఒక మాట రెండుసార్లు చెప్పాడట, బండి మట్టంగా ఉండాలి అని.

"మట్టంగ ఉండాల్నంట అత్తమ్మా. ముందటికి గాని ఎన్కకు గాని వంగొద్దంట."

"మన వాకిలి కంటె మంచి జాగ ఈ ఖేడ్ల యాడ దొరుకుతది బిడ్డా," అన్నాను నేను.

అదీ నా నోరు. వేసినప్పుడు దానికి వాలు పెట్టింది నేనే. ఇరవై ఏళ్ళు దాని మీద నడిచి నడిచి కాలికి ఆ వాలు అలవాటైపోయింది. పైగా నా గచ్చును నేను పొగుడుకోవడం కూడా అలవాటే.

బండిని పైకి లేపి నిలబెట్టడానికి ఇనుప స్టాండ్లు కావాలి. బస్సు డిపో దగ్గర ట్రాక్టర్లు బాగుచేసే ఒక మెకానిక్ ఉన్నాడు, మా మొగుడికి స్నేహితుడు. నేనే పోయి అడిగాను. నాలుగు స్టాండ్లు ఇస్తూ అతను ఊరుకోలేదు.

"గేర్లే మార్చే పనిలేని బండికి గేర్ ఆయిల్ మార్చుడు ఏందక్కా? పెండ్లి గాని పిల్లకు సీమంతం జేసినట్టుంది."

"నువ్వు జేసిన ట్రాక్టర్ మా గల్లీల మూడు దినాల నుంచి పండుకుంది. ముందు దాన్ని లేపు పో," అని స్టాండ్లు రిక్షాలో వేయించుకొని వచ్చాను.

మే నెలాఖరు. మధ్యాహ్నానికి వాకిట్లో చెప్పులు లేకుండా నిలబడలేం. ఆ ఎండకు డబ్బాలో నూనె ఊరికే నిలబడ్డా వేడెక్కుతుంది, అట్లా వేడెక్కితే కొలత తప్పుతుంది. అందుకని పొద్దు పొడవక ముందే మొదలుపెట్టాలంది. ఆ రోజు మా కొడుకు పొద్దున బస్సుకు పోతూ, పోచమ్మకు కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టండి అన్నాడు. పోచమ్మ దీవిస్తుంది గానీ బోల్టు విప్పదు కదా, నువ్వు డ్యూటీకి పో అని పంపాను.

బండి ముక్కు గేటు వైపు ఉంది. ఆమె ఒక్కో మూల జాకీతో లేపి, స్టాండు పెట్టి, నాలుగింటికీ ఒకే గడిలో చీల వేసింది. నాలుగూ ఒకే ఎత్తు. సరిగ్గానే ఉందని నేను తల ఊపాను. ఇటుకలు గనక పెట్టి ఉంటే నేనే ఆపేదాన్ని, ఇటుక మీద గోడ నిలుస్తుంది గానీ కదిలే బరువు నిలవదు. స్టాండ్లున్నా నా మనసు ఆగక, స్టెప్నీ చక్రాన్ని బండి అంచు కిందికి తోశాను. స్టాండు జారినా చక్రం మీద ఆగాలి. అది చూసి ఆమె మెచ్చుకుంది. ఆ మెప్పుతో నా కళ్ళు ఇంకొంచెం మూసుకుపోయాయి.

ఇక ఆమె పని చూడాలి. పాత చున్నీ నడుముకు చుట్టుకొని, గోనెపట్టా పరుచుకొని, సన్నకాలిని ముందు చేత్తో సర్దుకొని కిందికి జరిగింది. అందరూ మొదట చేసేది పాత నూనె దింపడం. ఆమె అది చెయ్యలేదు. నూనె పోసే పైబోల్టు ఎక్కడుందో వెతికి, ముందు దాన్ని వదులు చేసింది. ఎందుకే అంటే, కింది నుంచి నూనె దింపేశాక పైబోల్టు రాకపోతే ఏం చేస్తాం అత్తమ్మా, ఖాళీ డబ్బాతో బండి ఇక్కడే కూర్చుంటుంది గదా అంది. పోసే దారి తెరుచుకున్నాకే దింపే దారి తెరవాలి. ఆ మాటకు నేను లోపల్లోపల దండం పెట్టాను. ఇరవై ఏళ్ళు మేస్త్రుల దగ్గర చేశాను, మెట్లు కట్టకుండా పైకప్పు వేసి, తర్వాత ఎట్లా ఎక్కాలా అని తల గోక్కున్న మేస్త్రిని కూడా చూశాను.

పైబోల్టు చాలాసేపు రాలేదు. పానా జారి వేలి కణుపు చెక్కుకుపోయింది. నన్ను పసుపు తెమ్మని అడగలేదు, అదే వేలితో మళ్ళీ పట్టింది. కిర్రుమని వదిలినప్పుడు కింది నుంచి ఒక్క మాట వినిపించింది, "వచ్చింది."

కింది బోల్టు తీసి, దాని లోపలున్న చిన్న గొట్టాన్ని కూడా విప్పితే నూనె దిగింది. కొత్తప్పుడు కుంకుమ నీళ్ళలా ఎర్రగా ఉండాల్సింది, మాడిన బెల్లం పాకంలా నల్లగా ఉంది. వాసన కూడా మాడు వాసనే. జీవితాంతం ఉంటుందన్న నూనె అది. ఆమె దాన్ని పారబొయ్యలేదు. లీటరు నీళ్ళ సీసాల్లో పోసి కొలిచింది. మూడు సీసాలు నిండి, నాలుగోదాంట్లో నాలుగు వేళ్ళ మందం. ఎంత దిగిందో అంత పొయ్యాలి. మిగతాది లోపలి చక్రాల్లో చిక్కుకొని ఉంటుందట, అది ఒక్కసారికి రాదు, ఇంకో రెండుసార్లు మారిస్తే గానీ పూర్తిగా కొత్తది కాదట.

గొట్టం, కింది బోల్టు మళ్ళీ బిగించి, చేతి పంపుతో పై రంధ్రం నుంచి అంతే కొలతకు కొత్త నూనె ఎక్కించింది. తర్వాత సీట్లో కూర్చొని బండి స్టార్ట్ చేసి, కడ్డీని ఒక్కో గడిలో వేసి, ఒక్కో గడిలో కాసేపు ఆగి, మళ్ళీ మొదటికి తెచ్చింది. స్టీరింగ్ కింద చిన్న యంత్రమొకటి గుచ్చితే డబ్బా ఎంత వేడెక్కిందో ఫోన్‌లో అంకె కనబడుతుంది. ఆ ఫోన్ నా చేతికిచ్చి ఆమె మళ్ళీ కిందికి పోయింది. నలభై కాగానే చెప్పాలి. అప్పుడు ఇంజన్ నడుస్తుండగానే ఆమె కింది బోల్టు తీస్తుంది. ఎక్కువున్న నూనె ఆ గొట్టంలోంచి సన్నధారగా కారి, చుక్కలు చుక్కలుగా మారగానే బోల్టు వేసేయాలి. చూసే పుల్ల లేని డబ్బాకు అదే కొలత. నీళ్ళ తొట్టి పక్కన పొర్లు రంధ్రం పెట్టినట్టన్నమాట.

ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది అని చదువుతూ కూర్చున్నాను. నలభై అనగానే తీసింది. ధార పడింది. పడుతూనే ఉంది. సీసాలో సగం దాటింది. అప్పుడు గానీ చుక్కలు కాలేదు. రెండు బోల్టులూ బిగించి బయటికి వచ్చి, సీసా ఎత్తి చూసి, ఆమె ముఖం ముడిచింది.

"దిగినంతనే పోసిన గద అత్తమ్మా. మల్ల గింత ఎట్ల వచ్చింది?"

అప్పుడైనా నేను ఆలోచించాలి. ఆలోచించలేదు. మిషన్‌కు దాని కడుపు దానికి తెలియదా బిడ్డా, ఎక్కువైంది కక్కింది అన్నాను. పెద్దదాన్ని కదా, నా మాట నమ్మింది. ఆమె అడిగిన ప్రశ్న సరైనది, నేనిచ్చిన జవాబు తప్పు. పిల్లలు సరిగ్గా అడిగినప్పుడు పెద్దవాళ్ళు ఇట్లాగే పాడుచేస్తారు.

బండి దించి బోరంచ దారి పట్టాం. మొదటి అర కిలోమీటరు మెత్తగా పోయింది, ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. చడావు వచ్చింది. ఆ ఎత్తు ఎక్కలేక ఇంజన్ గుయ్యిమని అరుస్తుంది గానీ చక్రాలు లాగవు. ఇంతకు ముందు తన్నేది, ఇప్పుడు అసలు పట్టుకోవడమే లేదు. ఆమె వెంటనే పక్కకు ఆపేసింది. ఇంకా తొక్కితే లోపల కాలిపోతుందని, ఆపుతూ ఆపుతూ, మనిషి నడిచే వేగంతో ఇంటికి తెచ్చింది.

ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది. చేతులకింకా నూనె ఉంది.

"హైదరాబాదోళ్ళు చెప్పిందే నిజమేమో. సోమవారం కాగితం ఇచ్చేస్త అత్తమ్మా."

ఆమె నోట ఆ మాట వస్తుందనుకోలేదు. మోకాలు చీరుకుపోయిన రోజు కూడా ఆమె గొంతు అట్లా లేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతుల మీద పోశాను. చేతుల మీది నుంచి నీళ్ళు గచ్చు మీద పడ్డాయి. పడి, అటూ ఇటూ చూడకుండా, గేటు పక్క మోరీ వైపు పోయాయి. పొద్దున బండి కింద చిందిన ఎర్ర నూనె చారిక కూడా అదే దారిన, తాడు పట్టి గీసినట్టు మోరీ దాకా పోయి ఉంది.

చెంబు కింద పెట్టాను. గడప నుంచి గేటుకు జానెడు వాలు. పెట్టింది నేనే. ఇంట్లోకి వాన నీళ్ళు వస్తున్నాయని మా మొగుడితో పోట్లాడి, చాలదు ఇంకో రెండు వేళ్ళు దించు అన్నది కూడా నేనే. నాలుగు స్టాండ్లూ ఒకే ఎత్తులో ఉంటే బండి గచ్చుకు సమానంగా ఉంటుంది గానీ మట్టంగా ఎట్లా ఉంటుంది. ముక్కు కిందికి వంగి, లోపలి నూనె అంతా ఆ గొట్టం వైపే చేరింది. పోకూడనిది కూడా కారిపోయింది.

"తప్పు నాది బిడ్డా," అన్నాను. "నీ పని మంచిగనే ఉంది. నా గచ్చే వంకర."

నమ్మలేదు. ఓదార్పుకు అంటున్నాననుకుంది. లోపలికి పోయి, మా మొగుడు పోయినప్పటి నుంచి మేకుకు వేలాడుతున్న లెవల్ పైపు దించాను. నీళ్ళు నింపి, కనబడాలని చిటికెడు పసుపు కలిపాను. ఒక కొస ఆమె చేతికిచ్చి వెనక చక్రం దగ్గర పట్టమన్నాను, రెండో కొస ముందు చక్రం దగ్గర నేను పట్టాను. నీళ్ళకు అబద్ధం రాదు. ఆమె వైపు గచ్చు కంటే నా వైపు గచ్చు నాలుగు వేళ్ళు కింద ఉంది. ఆమె అటు నుంచి ఇటు నడిచి వచ్చి చూసింది. మళ్ళీ పోయి చూసింది. కాసేపటికి ముఖం మీదికి నవ్వు వచ్చింది.

"మేస్త్రి పెండ్లానివి నువ్వే గిట్ల జేస్తే, ఇగ నేను ఎవర్ని అడగాలె?"

"మేస్త్రి ఉంటే ఇద్దర్నీ తిట్టేటోడు," అన్నాను.

వేడి మీద చెయ్యరాదు గనక ఆ రోజుకు బండిని అట్లాగే వదిలేశాం. సాయంత్రం కొడుకు వచ్చి సంగతంతా విని, ఇద్దరూ కలిసి డబ్బాను పూర్తిగా చంపేదాకా వదలరా అన్నాడు. ఆమె అతని పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది. అదే జవాబు.

మర్నాడు మళ్ళీ చీకటి విడవక ముందే లేచాం. ఈసారి ముందు స్టాండ్లను రెండు గడులు పైకి లేపాం. ఇంకా వేలెడు తేడా వచ్చింది. ఆ వేలెడుకు స్టాండ్ల పాదాల కింద సెంట్రింగ్ చెక్క ముక్కలు వేశాం. ముందూ వెనకా, కుడీ ఎడమా పైపు పట్టి చూశాం. నాలుగు చోట్లా పసుపు నీళ్ళు ఒక్క గీత మీద నిలిచేదాకా ఆమె నన్ను వదల్లేదు. నేను చాలంటాను, ఆమె ఇంకోసారి అంటుంది. ఒకప్పుడు మా మొగుడితో నేను పడ్డ పేచీ అదే, ఇప్పుడు కొసలు తారుమారయ్యాయి.

మళ్ళీ స్టార్ట్ చేసి, కడ్డీ అన్ని గడులూ తిప్పి వచ్చి, ఆమె కిందికి పోయింది, నేను అంకెలు పట్టుకున్నాను. నలభై. బోల్టు తీసింది. ఒక్క చుక్క రాలేదు. డబ్బా అంత ఖాళీగా ఉందన్నమాట. పంపుతో కొంచెం కొంచెంగా ఎక్కించింది. నిన్న కారిన సగం సీసా పూర్తిగా లోపలికి పోయాక, గొట్టం నుంచి ఒక్క చుక్క వేలాడి పడింది. తర్వాత ఇంకొకటి. నిన్న దిగినంతే ఇవాళ్టికి లోపల నిండింది. రెండు బోల్టులూ బిగించి, బయటికి జరిగి, పట్టా మీదే కూర్చొని ఊపిరి పీల్చుకుంది.

"తెల్ల కాగితం ఒకటి తే అత్తమ్మా. పాతది కొత్తది చుక్క వేసి రంగు చూద్దాం."

లోపలికి పోయాను. కిటికీలో పాత పేపర్లున్నాయి. పిల్లల నోటు పుస్తకాలున్నాయి. బీరువా మీద సుద్దముక్కల డబ్బా కింద అర్జీ ఉంది. డబ్బా పక్కకు జరిపి అర్జీ తీసుకున్నాను. చదవరాక తీసుకున్నాననుకుంటారేమో, మొత్తం చదివే తీసుకున్నాను. నడవడం కష్టంగా ఉన్నందున, అని ఒక వాక్యం ఉంది అందులో. ఆ వాక్యం నాకు అసలు నచ్చలేదు. ఒకప్పుడు నేనన్న మాటే అది, మర్యాదగా రాసి ఉంది.

తెచ్చి ఇచ్చాను. ఆమె కాగితం చూసింది. నన్ను చూసింది. బండి ఇంకా నేల మీదికి దించలేదు, నడిపి చూడలేదు, బాగయిందో లేదో ఇద్దరికీ తెలియదు. వెనక్కి తిప్పి ఖాళీ వైపు వాడొచ్చు. తిప్పలేదు. రాసిన వైపే గచ్చు మీద పరిచి, పాత సీసాలో పుల్ల ముంచి ఒక చుక్క వేసింది, కొత్తదాంట్లో ముంచి పక్కన ఇంకో చుక్క వేసింది. నల్లచుక్క, నడవడం కష్టంగా ఉన్నందున అన్న మాటల మీద పడి, పక్క వరసల్లోకి పాకింది. ఎర్రచుక్క కింద, సంతకం పెట్టే చోట.

"మంచిగుంది రంగు," అంది.

బండి దించి, చేతులు కడుక్కొని, ఆమె బీరువా తెరిచి తాళాల గుత్తి తీసుకుంది. నేను చెంబు నిండా నీళ్ళు పట్టుకొని పక్క సీట్లో కూర్చున్నాను, అంచు దాకా. మూత పెట్టలేదు. ఆమె చెంబు వైపు ఒకసారి చూసి కడ్డీ వేసింది. బండి అడిగిన వెంటనే కదిలింది. గల్లీ దాటాం, డిపో దాటాం. ట్రాక్టర్ మెకానిక్ షట్టరు తీస్తూ మమ్మల్ని చూసి చెయ్యి ఎత్తాడు. సిర్గాపూర్ రోడ్డెక్కాక ఆమె వేగం పెంచింది. గేర్లు ఎప్పుడు మారుతున్నాయో నాకు తెలియలేదు. చడావు వచ్చింది. నేను చెంబును రెండు చేతులా పట్టుకున్నాను. ఇంజన్ గొంతు పెద్దది కాలేదు. చెంబులో నీళ్ళు అంచు దగ్గర వణికాయి గానీ ఒలకలేదు. పైకి ఎక్కాక ఆమె, కడ్డీ మీద గట్టిగా పట్టిన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

బడి సెలవుల ధూళితో ఉంది. మేకలు కాస్తున్న ఇద్దరు పిల్లలు కారు చూసి, టీచర్ వచ్చింది అని ఊళ్ళోకి పరిగెత్తారు. బడి తెరవడానికి ఇంకా పది రోజులుంది. అయినా ఆమె మెట్లెక్కి తాళం తీసింది. తలుపు బిగుసుకుపోయి ఉంటే భుజంతో నెట్టింది. నేను వెనకనే చెంబు పట్టుకొని ఎక్కి, ఆమె ఊడ్చేదాకా ఆగి, ఇద్దరం గడప మీద కూర్చొని ఆ నీళ్ళు తాగాం.